కొండ రోడ్లకి ఏటీ టైర్లు: చిన్న ఎస్‌యూవీ ఉన్నవాళ్లు ఏం చూసి కొనాలి

మా ఇల్లు నర్సీపట్నంలో. నవంబరు నుంచి మార్చి దాకా నా పనంతా కొండ మీదే. కాఫీ కోత మొదలైన దగ్గర్నుంచి మిరియాలు ఎండే దాకా, వారానికి నాలుగు రోజులు డౌనూరు దాటి ఘాట్ ఎక్కి లంబసింగి, చింతపల్లి, గూడెం కొత్తవీధి వైపు వెళ్తాను. రైతుల కళ్లాల దగ్గరే సరుకు చూసి కొంటాను. బండి 2016 డస్టర్ డీజిల్. ఫోర్ వీల్ డ్రైవ్ కాదు, ముందు చక్రాలకే పవర్ వెళ్తుంది.

2021 జనవరిలో ఒక సాయంత్రం, వెనక సీటు మడిచి మూడు బస్తాలు వేసుకుని దిగుతుంటే, కొత్తగా రాయి పరిచిన దారిలో ఎడమ ముందు టైరు పక్కన కోసుకుపోయింది. నాలుగు వేళ్లు పట్టేంత కోత. స్టెప్నీ వేసుకుని ఆరు కిలోమీటర్లు వచ్చామో లేదో అదీ గాలి దిగిపోయింది. అది బండితో పాటు 2016లో వచ్చిన టైరు, ఐదేళ్లుగా ఎవరూ చూడలేదు. ఫోన్‌కి సిగ్నల్ లేదు. నాతో వచ్చిన అబ్బాయి చీకట్లో నడుచుకుంటూ వెళ్లి ఒక జీపుని పట్టుకొచ్చేసరికి రాత్రి పదకొండైంది. ఆ చలిలో కూర్చున్న నాలుగు గంటల్లో టైర్ల గురించి నాకు ఏమీ తెలియదని అర్థమైంది. ఆ తర్వాత కూడా ఒకసారి తప్పుగా కొన్నాను. రెండోసారి సరిగ్గా కొన్నాను. క్రెటా, బ్రెజా, నెక్సాన్, డస్టర్ లాంటి బండి ఉండి, ఏటీ టైర్లు వేయించాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లకి నా అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు పేర్లు. బండితో పాటు వచ్చేవి దాదాపు అన్నీ హెచ్‌టీ, అంటే హైవే టైర్లు. ఏటీ అంటే ఆల్ టెర్రైన్, తారుకీ మట్టికీ మధ్యరకం. ఎంటీ అంటే బురద కోసమే చేసినవి, పెద్ద పెద్ద బటన్లతో ట్రాక్టర్ టైరులా ఉంటాయి. క్రాసోవర్‌కి, అంటే మనలాంటివాళ్ల చిన్న ఎస్‌యూవీకి, ఎంటీ ఆలోచనే వద్దు. తారు మీద గోల, బరువు, వానలో జారుడు, మూడూ భరించలేం.

నెల రోజులు నోటుబుక్కు

దుకాణానికి వెళ్లే ముందు ఒక నెల పాటు ఎక్కడెక్కడ తిరిగారో రాసుకోండి. నేను రాసుకున్నాను. ఆ నెలలో 1,840 కిలోమీటర్లు తిరిగాను. అందులో తారు, సిమెంటు రోడ్లు 1,510. గ్రావెల్, రాళ్ల దారులు, తోటల్లోకి వెళ్లే ఎర్రమట్టి బాటలు 330. అంటే మట్టి దారి ఐదో వంతు కూడా లేదు. నేను సగం సగం ఉంటుందనుకున్నాను. కష్టపడిన దారి ఎక్కువగా గుర్తుంటుంది కాబట్టి అందరం అలాగే అనుకుంటాం.

ఆ లెక్క ఒక్కటే చూస్తే హెచ్‌టీ చాలు. కానీ నేను పక్కన ఇంకో గడి కూడా గీసుకున్నాను: అక్కడ టైరు పోతే దగ్గర్లో పంక్చర్ షాపు ఎంత దూరం, ఫోన్ పలుకుతుందా. ఆ 330 కిలోమీటర్లలో సగానికి పైగా రెండూ లేని చోట్లే. నాకు ఏటీ కావాలని తేల్చింది ఆ గడి. కిలోమీటర్ల లెక్క మీ డీజిల్ ఖర్చు చెబుతుంది, రెండో గడి మీ టైరు ఏదో చెబుతుంది.

హైదరాబాద్‌లో ఆఫీసుకి వెళ్లొస్తూ, ఏడాదికి రెండుసార్లు శ్రీశైలమో అరకో వెళ్లేవాళ్లకి ఏటీ అక్కర్లేదు. మన్ననూరు నుంచి దోర్నాల దాకా నల్లమల రోడ్డూ తారే, అనంతగిరి మీదుగా అరకు ఎక్కే ఘాటూ తారే. ఆ మలుపుల్లో వానపడితే మంచి హెచ్‌టీ టైరే బాగా పట్టుకుంటుంది. ఏటీ టైరుకి బటన్ల మధ్య ఖాళీ ఎక్కువ, రోడ్డుకి తగిలే రబ్బరు తక్కువ. బ్రేకు వేసినప్పుడు ఆ పొడవాటి బటన్లు కొంచెం కదులుతాయి కూడా. తడిసిన నున్నటి తారు మీద ఆగడానికి దూరం ఎక్కువ పడుతుంది. ఏటీ అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు. అందం కోసం కొనేవాళ్లకి నేను గట్టిగా వద్దనే చెబుతాను. టైరు పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని వానలో బ్రేకు వేసే వస్తువు.

సైజులో నేను చేసిన తప్పు

2021 ఫిబ్రవరిలో కొన్న మొదటి సెట్టు గురించి చెప్పాలి. డస్టర్‌కి కంపెనీ ఇచ్చిన సైజు 215/65 ఆర్16. దుకాణంలో అబ్బాయి, "మేడమ్, ఒక సైజు పెంచుదాం, బండి ఎత్తు పెరుగుతుంది, రాళ్లు తగలవు" అన్నాడు. 225/70 ఆర్16 చూపించాడు, అవి ఎల్‌టీ రకం. చూడడానికి గంభీరంగా ఉన్నాయి. ఒప్పుకున్నాను.

లెక్క నేర్చుకుంటే ఈ పొరపాటు ఎవరూ చేయరు. 215 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 65 అంటే పక్క ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం, అంటే 139.75 మిల్లీమీటర్లు. 16 అంటే రిమ్ము అంగుళాల్లో, 406.4 మిల్లీమీటర్లు. రిమ్ముకి పైనా కిందా పక్క ఎత్తు కలిపితే మొత్తం టైరు ఎత్తు 685.9. అదే లెక్కన 225/70 ఆర్16 ఎత్తు 721.4. తేడా 35.5 మిల్లీమీటర్లు, ఐదు శాతం పైనే.

దాని వల్ల బండి నేల నుంచి లేచేది ఆ తేడాలో సగమే, 18 మిల్లీమీటర్లు. చిటికెన వేలి వెడల్పు. దానికి నేను కట్టిన మూల్యం ఇదీ. లంబసింగి ఘాట్‌లో హెయిర్‌పిన్ దగ్గర స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు లోపలి ప్లాస్టిక్‌కి రాసుకునేది. సెకండ్ గేర్‌లో ఎక్కే చోట ఫస్ట్‌కి దిగాల్సి వచ్చేది, ఎందుకంటే చక్రం పెద్దదైతే ఇంజనుకి గేరు బరువెక్కినట్టే. మీటరు 80 చూపిస్తుంటే బండి నిజానికి 84లో పోతోంది. లీటరుకి 18 ఇచ్చే బండి 15కి పడిపోయింది. మా అత్తయ్య ఒకసారి వెనక కూర్చుని విశాఖపట్నం వచ్చి, "లారీ తొట్లో కూర్చున్నట్టుందే అమ్మాయ్" అంది, మర్నాడు నడుం పట్టేసింది. ఐదు నెలలకి ఆ నాలుగూ సగం ధరకి ఒక జీపాయనకి ఇచ్చేశాను.

కాబట్టి మొదటి నియమం: కంపెనీ సైజులోనే ఏటీ దొరుకుతుందేమో చూడండి. దొరికితే ఇక వేరే సైజు గురించి ఆలోచించొద్దు. అసలు దొరక్కపోతే, మీ బండి మాన్యువల్‌లో పై మోడల్‌కో కింది మోడల్‌కో ఇచ్చిన ఇంకో సైజులో వెతకండి. అదీ కుదరకపోతే మొత్తం ఎత్తులో తేడా రెండు శాతం లోపు ఉండేలా చూసుకోండి. డస్టర్‌కే ఉదాహరణ చెప్పాలంటే 225/65 ఆర్16 ఎత్తు 698.9, తేడా 1.9 శాతం. 215/70 ఆర్16 అయితే 3.1 శాతం, అది నేను వేయను. రిమ్ము వెడల్పుకి ఆ టైరు సరిపోతుందా అన్నది కూడా అడగాలి. కంపెనీ ఇవ్వని సైజు వేస్తే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర ప్రశ్నలు రావచ్చు. ఆ టెన్షన్ కూడా లెక్కలో వేసుకోండి.

ఎల్‌టీ రకం గురించి ఇంకొంచెం చెప్పాలి, చాలామంది మోసపోయేది ఇక్కడే. ఎల్‌టీ అంటే లైట్ ట్రక్. బరువులు మోసే పికప్‌ల కోసం చేసినవి. లోపల పొరలు ఎక్కువ, పక్కలు గట్టి. వాటి బలం అంతా ఎక్కువ గాలి పట్టినప్పుడే. క్రాసోవర్‌లో మనం కొట్టే 33 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర అవి మామూలు కారు టైరు మోసినంత బరువు కూడా మోయవు. గాలి పెంచితే గుంతల్లో నడుం విరుగుతుంది. పైగా ఒక్కో టైరు కిలో నుంచి మూడు నాలుగు కిలోల దాకా ఎక్కువ బరువుంటుంది. ఆ బరువు సస్పెన్షన్ కింద వేలాడుతూ ప్రతి గుంతలోనూ ఎగిరి పడుతుంది. బీఎఫ్‌గుడ్‌రిచ్ కేఓ2 లాంటివి పేరున్న టైర్లే, థార్ లాంటి బండికీ పికప్‌కీ చక్కగా ఉంటాయి. చిన్న ఎస్‌యూవీకి మాత్రం కారు రకంలో చేసిన ఏటీ కావాలి. ఎలా గుర్తుపట్టాలంటే, సైజు ముందో వెనకో ఎల్‌టీ అని ఉండకూడదు.

నేను రెండోసారి తీసుకున్నవి యోకోహామా జియోలాండర్ ఏటీ జీ015, 215/65 ఆర్16, 98హెచ్. కారు రకమే, కంపెనీ సైజే. మైలేజీ 17 వస్తోంది. ఒక కిలోమీటరు పోయింది, దానికి నేను ఒప్పుకున్నాను.

టైరు పక్కన రాసిన మిగతా అక్షరాలు

98హెచ్ అన్నాను కదా. 98 అంటే ఒక్కో టైరు 750 కిలోలు మోస్తుందని. 95 అయితే 690, 100 అయితే 800. హెచ్ అంటే గంటకి 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని. టీ అంటే 190, ఎస్ అంటే 180, క్యూ అంటే 160. పాత టైరు మీద ఉన్న బరువు అంకె కంటే కొత్తదాని మీద తక్కువ ఉండకూడదు, ఇందులో రాజీ లేదు. వేగం అక్షరం కూడా కంపెనీ ఇచ్చినదానికి తగ్గకుండా చూసుకోవడమే మంచిది. కరెంటు బండ్లవాళ్లు బరువు అంకె ఇంకా జాగ్రత్తగా చూడాలి, బ్యాటరీ వల్ల బండి బరువు బాగా ఎక్కువ.

తయారైన తేదీ చూడడం అన్నిటికంటే తేలిక, అందరూ మరిచిపోయేదీ అదే. డీఓటీ అన్న అక్షరాల తర్వాత వరుస చివర నాలుగంకెలు ఉంటాయి. 2323 అని ఉంటే 2023లో 23వ వారం. చాలా టైర్లకి ఈ నాలుగంకెలు ఒక పక్కనే ఉంటాయి, బిగించాక అది లోపలి వైపుకి పోతే కనపడదు. అందుకని రిమ్ముకి ఎక్కించకముందే టైరుని రెండు వైపులా తిప్పి చూడండి. 2020 జూన్‌లో కేంద్రం టైర్ల దిగుమతిని ఆంక్షల జాబితాలో పెట్టింది. ఆ తర్వాత నేను తిరిగిన దుకాణాల్లో బయటి దేశాల ఏటీలు కొన్ని సైజుల్లోనే కనిపించాయి. ఒక చోట నాకు మెరిసిపోతున్న టైర్లు చూపించారు, తేదీ చూస్తే మూడేళ్ల నాటివి. రబ్బరు గోదాములో ఉన్నా గట్టిపడుతుంది. ఆరు నెలల లోపువి అడగండి. ఏడాది దాటితే నేను తీసుకోను. నాలుగూ ఒకే సమయంలో తయారైనవైతే ఇంకా మంచిది. ఐఎస్ఐ గుర్తు, దాని దగ్గర ఐఎస్ 15633 అన్న అంకె కూడా చూడండి. మన దేశంలో కారు టైరుకి అది ఉండాలి.

ఎం+ఎస్ అన్న గుర్తు బురద, మంచు అని. అది ట్రెడ్, అంటే రోడ్డుకి తగిలే బటన్ల పొర, ఆకారం చూసి వేసుకునే గుర్తే. కొండబొమ్మలో మంచుపువ్వు ఉన్న గుర్తు మాత్రం మంచు మీద పరీక్షలో నెగ్గినదానికే ఇస్తారు. మన్యంలో ఆ గుర్తుతో పని లేదు, లంబసింగి చలి ఎంతున్నా పొగమంచే తప్ప నేల మీద మంచు పేరుకోదు. కానీ డెన్వర్‌లో ఉన్న మా తమ్ముడికి నేను అదే ముందు చూడమన్నాను. అక్కడ ఐ-70 రోడ్డులో డాట్సెరో నుంచి మోరిసన్ దాకా ఉన్న కొండ భాగంలో సెప్టెంబరు 1 నుంచి మే 31 వరకు ట్రెడ్ లోతు కనీసం అంగుళంలో 3/16 వంతు, అంటే 4.8 మిల్లీమీటర్లు ఉండాలని నియమం. అమెరికాలో చలి రాష్ట్రాల్లో ఉన్న మనవాళ్లు ఏటీ కొంటే ఆ మంచుపువ్వు లేనిది కొనకండి.

ట్రెడ్ ఎలా చూడాలి

టైరుని నిలబెట్టి ఎదురుగా కూర్చుని చూడండి. మధ్యలో బటన్లు దగ్గరదగ్గరగా, ఒకదాన్నొకటి ఆనుకున్నట్టు ఉంటే తారు మీద శబ్దం తక్కువ, బండి నిలకడగా పోతుంది. అంచుల దగ్గర ఖాళీ ఎక్కువుండి, బటన్లు టైరు పక్కకి కూడా కొంచెం దిగి ఉంటే రాళ్ల దారిలో పక్కలకి రక్షణ. క్రాసోవర్‌కి నచ్చే ఏటీ ఇలాగే ఉంటుంది: మధ్యలో సాధువు, అంచుల్లో మొండి. మధ్యలో కూడా పెద్ద పెద్ద ఖాళీలుంటే అది ఎంటీకి దగ్గర, వదిలేయండి.

బటన్ల మీద సన్నటి కత్తిగాట్లు ఉంటాయి. తడి రోడ్డు మీద పట్టు ఇచ్చేవి అవే, ఎక్కువుంటే మంచిది. అవి సగం అరిగేసరికి మాయమవుతాయా, అడుగు దాకా ఉన్నాయా అని గోరు పెట్టి చూడండి. గాడుల అడుగున చిన్న చిన్న గట్లు ఉంటే అవి ఇరుక్కున్న రాళ్లని బయటికి నెట్టేవి. మా దారుల్లో అవి చాలా ముఖ్యం. గాడిలో ఇరుక్కున్న రాయి వంద కిలోమీటర్లు తిరిగేసరికి మేకులా లోపలికి దిగుతుంది. ఇంటికి రాగానే స్క్రూడ్రైవర్‌తో రాళ్లు తీసేయడం నాకు ఇప్పుడు చెప్పులు విడిచినంత అలవాటు.

ట్రెడ్ లోతు కొలిచే చిన్న గేజీ ఒకటి కొనుక్కోండి. కొత్త హెచ్‌టీకి ఏడెనిమిది మిల్లీమీటర్లు ఉంటే, ఏటీకి తొమ్మిది పైనే ఉంటుంది. కార్లకి చట్టం ఒప్పుకునే కనీస లోతు 1.6. గాడుల్లో అడ్డంగా ఉన్న గట్టు బటన్‌తో సమానమైందంటే ఆ హద్దు వచ్చేసినట్టు. నా మటుకు నేను 4 మిల్లీమీటర్లకే కొండ దారుల నుంచి తీసేస్తాను. అప్పటికి అది పేరుకే ఏటీ.

మీ మట్టి ఏ మట్టి

ఏటీ వేసుకుంటే ఎక్కడికైనా పోవచ్చు అనుకోవద్దు. మట్టిని బట్టి ఉంటుంది. చింతపల్లి వైపు ఎర్రమట్టి, గులకరాయి, గ్రావెల్. ఇక్కడ ఏటీ పెట్టిన ప్రతి రూపాయికీ పని చేస్తుంది. రాళ్ల మీద బటన్ల అంచులు పట్టుకుంటాయి, మందం ట్రెడ్ వల్ల కోతలు తక్కువ. నాకు హెచ్‌టీ మీద ఒక్క సీజన్లో నాలుగు పంక్చర్లు, ఏటీ మీద మూడు సీజన్లలో రెండు.

నల్లరేగడి వేరు. మా చెల్లెల్ని ఇచ్చింది గుంటూరు జిల్లాలో. ఆగస్టులో వానపడ్డాక వాళ్ల పొలం డొంకలోకి బండి దింపాను. ఇరవై గజాలు పోయేసరికి గాడులన్నీ మట్టితో పూడిపోయి నాలుగు చక్రాలూ గుండు టైర్లలా నున్నగా అయిపోయాయి. ఆ జిగట మట్టికి ఏటీ అయినా హెచ్‌టీ అయినా ఒకటే. గుంటూరు, ప్రకాశం, కర్నూలు, ఆదిలాబాద్ రేగడి నేలలవాళ్లు దాని కోసమే ఏటీ కొనాలనుకుంటే ఆ డబ్బు మిగుల్చుకోండి. ఒకపూట ఎండ కాసేదాకా ఆగడమే అక్కడ దారి.

ఇసుకలో టైరు రకం కంటే గాలి తగ్గించడమే పని చేస్తుంది. ముళ్ల సంగతి: మైదానంలో సర్కారు తుమ్మ ఉన్న చోట ముల్లు ట్రెడ్‌లో దిగితే ఏటీ మందం కొంత కాపాడుతుంది. పక్కన దిగితే ఏ టైరైనా ఒకటే. పక్కన పడిన రంధ్రానికి పంక్చర్ వేయించుకుని ఘాట్ ఎక్కొద్దు. పంక్చర్ షాపు బాబాయిలు మంచి మనసుతో "ఏం కాదమ్మా, వేసేస్తా" అంటారు. పక్క భాగం ప్రతి చుట్టులోనూ వంగుతుంది, పంక్చర్‌కి రంధ్రంలో దూర్చిన తాడు అక్కడ నిలవదు.

ఇంకొకటి. ఏటీ టైరు మీ బండిని ఫోర్ వీల్ డ్రైవ్ చేయదు. ముందు చక్రాల బండి తడి ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి పోతుంది, ముందు చక్రాలు తేలికై ఊరికే తిరుగుతాయి. అలాంటి చోట, వెనక దారి కనిపిస్తే, ఒక మనిషిని నిలబెట్టుకుని రివర్స్‌లో ఎక్కండి. బరువు పవర్ ఉన్న చక్రాల మీద పడుతుంది. గూడెం దగ్గర జీపు డ్రైవర్ ఒకాయన నేర్పిన పద్ధతి, రెండుసార్లు నన్ను ఇంటికి చేర్చింది.

దుకాణంలో

నాలుగూ కలిపి మార్చండి. డబ్బు సరిపోక ముందు రెండింటికే ఏటీ వేయించి వెనక అరిగిన హెచ్‌టీ ఉంచితే, వాన మలుపులో ముందు పట్టుకుని వెనక జారిపోతుంది. ఘాట్‌లో అది ప్రాణం మీదికి వస్తుంది. ఆల్ వీల్ డ్రైవ్ బండికైతే నాలుగూ ఒకే ఎత్తు ఉండడం తప్పనిసరి, లేకపోతే ముందు, వెనక చక్రాలకి పవర్ పంచే లోపలి కప్లింగు మీద భారం పడుతుంది. డబ్బు కూడేదాకా మూడు నెలలు ఆగినా ఫర్వాలేదు. నాకు నాలుగింటికి బిగింపుతో కలిపి 39 వేలు అయింది. స్టెప్నీకి ఐదోది తర్వాత ఏడాది కొన్నాను, ఇప్పుడనిపిస్తుంది అప్పుడే కొనాల్సిందని. కంపెనీ ఇచ్చిన స్టెప్నీ సన్న రకమైతే కొండ ప్రయాణాలకి దాన్ని నమ్ముకోవద్దు.

బిగించేటప్పుడు కొత్త వాల్వులు వేయించండి, అవి ఖరీదైనవి కావు. గాలి చెప్పే సెన్సర్లు మీ బండి చక్రాల్లో ఉంటే మొదలుపెట్టకముందే ఆ సంగతి చెప్పండి, లేకపోతే యంత్రం పట్టులో విరుగుతాయి. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ రెండూ చేయించండి. నట్లు గాలి గన్నుతో బిగించి వదిలేస్తే ఒప్పుకోవద్దు, చివర చేతి రెంచితో చూడమనండి. దారిలో మీరు విప్పుకోగలగాలి కదా. డబ్బు కట్టే ముందు స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, ముందుకీ వెనక్కీ కదిపి, ఎక్కడైనా రాసుకుంటోందా వినండి. వెనక ఇద్దర్ని కూర్చోబెట్టి ఒక స్పీడు బ్రేకరు కూడా దాటండి. ఖాళీ బండిలో వినపడనిది అప్పుడు వినపడుతుంది.

గాలి

ఇంత చేసినా గాలి సరిగ్గా లేకపోతే వృథా. నేను తారు మీద 33 ఉంచుతాను. మీ బండికి ఎంతో డ్రైవరు డోర్ దగ్గర స్టిక్కరు మీద ఉంటుంది. టైరు మీద రాసి ఉండేది అది పట్టగల గరిష్ఠం, అంత కొట్టించకండి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చూడాలి, ఎండలో ముప్ఫై కిలోమీటర్లు వచ్చాక చూస్తే ఎక్కువ చూపిస్తుంది.

గ్రావెల్ మొదలయ్యే చోట 26కి తగ్గిస్తాను. టైరు కొంచెం పరుచుకుంటుంది, రాయి మీద ఎగరదు, నడుముకీ హాయి. ఆ గాలితో గంటకి ముప్ఫై కిలోమీటర్ల వేగం దాటి పోను. పదునైన రాళ్లు కొత్తగా పరిచిన చోట మాత్రం ఇంకా తగ్గించొద్దు. గాలి తగ్గేకొద్దీ పక్కలు బయటికి ఉబ్బుతాయి, కోసుకునేది ఆ ఉబ్బే. మెత్తటి ఇసుకలో ఇరుక్కుంటే 18 దాకా దించి మెల్లగా బయటపడొచ్చు, మలుపులు కొట్టకుండా. తిరిగి తారు ఎక్కే ముందు మళ్లీ 33. అందుకే బ్యాటరీకి క్లిప్పులు పెట్టే చిన్న కంప్రెసరు బండిలో ఉండాలి. అది లేనివాళ్లు గాలి తగ్గించే ఆలోచన చేయొద్దు.

వేసిన తర్వాత

మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు నెమ్మదిగా పోండి. కొత్త టైరు మీద అచ్చులోంచి తీయడానికి వాడిన జిడ్డు పొర ఉంటుంది, వానలో అది మరీ జారుడు. వంద కిలోమీటర్లకి నట్లు మళ్లీ చూసుకోండి. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఒకసారి బ్యాలెన్సింగ్ చూపిస్తే మంచిది, పెద్ద బటన్లున్న టైర్లకి అది కొంచెం మారుతుంది.

ప్రతి ఎనిమిది వేలకి టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పించండి. ఏటీకి ఇది వదిలేస్తే బటన్లు ఒక అంచున ఎక్కువ, ఇంకో అంచున తక్కువ, మెట్లు మెట్లుగా అరుగుతాయి. ఇక అక్కడి నుంచి గుయ్ మని మోత మొదలై ఎన్నాళ్లకీ తగ్గదు. "ఏటీలు ఇరవై వేలు దాటితే గోల" అని చాలామంది అనేదానికి సగం కారణం ఈ నిర్లక్ష్యమే. నా సెట్టు 52 వేలు తిరిగింది. శబ్దం పెరిగిన మాట నిజమే, కానీ పక్క సీట్లో ఉన్నవాళ్లతో గొంతు పెంచకుండానే మాట్లాడగలుగుతున్నాను. గేజీ ఇప్పుడు 4.5 చూపిస్తోంది. ఈ అక్టోబరులో, కోత మొదలవకముందే కొత్త సెట్టు వేయించాలి. అవే సైజు, అదే రకం, ఈసారి ఐదూ ఒకేసారి.

స్టెప్నీ గాలి నెలకొకసారి, అంటే మొదటి ఆదివారం, చూస్తాను. బండి కింద వేలాడే స్టెప్నీ అయితే దాన్ని దించే గొలుసు, బోల్టు తుప్పు పట్టకుండా ఏడాదికి రెండుసార్లు దించి, గ్రీజు రాసి, మళ్లీ ఎక్కించండి. ఆ పని మీ చేత్తో ఒకసారి పగటిపూట ఇంటి ముందు చేసి చూడండి, జాకీ ఎక్కడ పెట్టాలో కూడా అప్పుడే తెలుస్తుంది.